మీకు తెలుసా? బైకు ముందు బ్రేకు ఎందుకు కీచుమంటుందో!

ఉదయం తొమ్మిదిన్నర. కూడలిలో ఎర్ర లైటు పడింది. బండ్లన్నీ వరసగా ఆగుతున్నాయి. వాటిలో ఒకటి మాత్రం "కీఁ...చ్" మని చెవులు చిల్లులు పడేలా అరిచి ఆగింది. చుట్టూ ఉన్నవాళ్లంతా తల తిప్పి చూశారు. కొన్నేళ్ల కిందట ఆ అరుపు నా బండిదే. "కొన్నాళ్లు తిరిగితే అదే పోతుంది" అన్నవాళ్లున్నారు. "చుక్క ఆయిలు వేస్తే సరి" అన్నవాళ్లూ ఉన్నారు. ఆ రెండో సలహా ప్రాణం మీదికి తెస్తుందని తర్వాత అర్థమైంది. ముందు బ్రేకు చేసే ప్రతి చప్పుడుకీ ఓ కారణం ఉంటుంది. కొన్ని చప్పుళ్లను పట్టించుకోనక్కర్లేదు. కొన్ని మాత్రం ఆ పూటే బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లమంటాయి. ఏది ఎలాంటిదో చెవికి తెలిస్తే చాలు, డబ్బూ మిగులుతుంది, ప్రాణమూ నిలుస్తుంది.

1. వయొలిన్ పలికేదీ, బ్రేకు కీచుమనేదీ ఒకే సూత్రంతో

వయొలిన్ తీగ మీద కమాను నున్నగా జారుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది తీగను పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. కమాను వెంట్రుకలకు రాసిన రోజిన్ తీగను కాస్త దూరం లాక్కెళుతుంది. బిగువు పెరిగేసరికి పట్టు తప్పి తీగ వెనక్కి వస్తుంది. సెకనుకు వందలసార్లు సాగే ఆ పట్టువిడుపుల్లోంచే విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ నాదం పుట్టింది. చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ను బ్రేకు ప్యాడ్ పట్టుకున్నప్పుడూ జరిగేది అదే. అంటుకుని నిలిచిన రెండు తలాల మధ్య ఉండే పట్టు, జారుతున్నప్పుడు ఉండే పట్టు కంటే సాధారణంగా ఎక్కువ. అందుకే ప్యాడ్ ఓ లిప్త పట్టుకుని, మరో లిప్త జారి వణుకుతుంది. ఆ వణుకే కీచు.

2. డిస్క్ ప్లేటు గుడి గంటలా మోగుతుంది

ప్యాడ్ ఒక్కటే వణికితే మనకు వినిపించేది తక్కువే. కానీ డిస్క్ ఉక్కు పళ్లెం. దానికీ గంటకు ఉన్నట్టే సొంత స్వరాలుంటాయి. ప్యాడ్ వణుకు ఆ స్వరాల్లో ఒకదానితో కలిసిందంటే పళ్లెం మొత్తం మోగుతుంది. బ్రేకు కీచు సాధారణంగా సెకనుకు వెయ్యి కంపనాలకు పైనే ఉంటుంది. మన చెవి మహా చురుగ్గా పట్టేది 2000 నుంచి 5000 కంపనాల మధ్య శబ్దాలను. అందుకే చిన్న కీచు కూడా అంత చిరాకు పెడుతుంది. మోగుతున్న గంట అంచును వేలితో పట్టుకుంటే మోత ఆగిపోతుంది కదా! చాలా ప్యాడ్ల వెనక అతికే పలచటి రేకు చేసే పని అదే. దాన్ని షిమ్ అంటారు. ప్యాడ్లు మార్చేటప్పుడు పాత షిమ్‌ను చెత్తబుట్టలో పడేస్తే కొత్త ప్యాడ్లూ అరవడం మొదలుపెడతాయి.

3. డిస్క్ బ్రేకు పుట్టిందే కీచుమంటూ

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో కారు డిస్క్ బ్రేకుకు పేటెంట్ తీసుకున్నాడు. డిస్క్‌ను పట్టే చోట రాగి లైనింగులు వాడాడు. లోహం మీద లోహం రాసుకుని భరించలేని అరుపు వచ్చేది. 1907 ప్రాంతంలో హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్బెస్టాస్ లైనింగులతో ఆ బాధ తీర్చాడు. ఫెరోడో కంపెనీని స్థాపించింది ఈయనే. తన ఇంటిపేరులోని అక్షరాలనే అటూ ఇటూ చేసి, మరో అక్షరం కలిపి ఆ పేరు పెట్టాడు. ఆ మందు రోగం కంటే ప్రమాదమని లోకానికి తెలిసేసరికి దశాబ్దాలు గడిచాయి. ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తుల కేన్సర్‌కు కారణం. అందుకే పాత డ్రమ్ము బ్రేకు షూలైనా, ఏ తయారీవో తెలియని ప్యాడ్లైనా, బ్రేకు ధూళిని నోటితో ఊదకూడదు, గాలి పైపుతో చిమ్మకూడదు. తడి గుడ్డతో తుడవడమే క్షేమం.

4. డిస్క్ మన వీధుల్లోకి వచ్చి పాతికేళ్లు దాటింది

పెద్ద ఎత్తున తయారైన ద్విచక్ర వాహనాల్లో ముందు డిస్క్ బ్రేకుతో తొలుత వచ్చినది ఇటలీ స్కూటర్ లాంబ్రెటా టీవీ 175. అది 1962 నాటి మాట. దాని బ్రేకు కేబుల్‌తో పనిచేసేది. ఆయిల్ ఒత్తిడితో పనిచేసే ముందు డిస్క్‌ను ఇంటింటి వస్తువుగా మార్చినది 1969లో వచ్చిన హోండా సీబీ 750. మన దగ్గర 1999లో హీరో హోండా సీబీజెడ్, 2001లో బజాజ్ పల్సర్ వచ్చాక కుర్రకారుకు "డిస్క్ ఉందా?" అన్నది మొదటి ప్రశ్న అయింది. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు, బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయింది. అంతకు లోపువాటికి ఏబీఎస్ గానీ, రెండు బ్రేకులనూ కలిపి పనిచేయించే సీబీఎస్ గానీ ఉండాలన్నారు.

5. బండిని ఆపే భారంలో ఎక్కువ ముందు చక్రం మీదే

గట్టిగా బ్రేకు పట్టినప్పుడు బండి ముక్కు కిందికి దిగడం గమనించే ఉంటారు. బరువు ముందుకు ఒరుగుతుంది. ముందు టైరు నేలను గట్టిగా అదుముతుంది, వెనక టైరు తేలికవుతుంది. ఆ క్షణంలో బండిని ఆపే పనిలో సుమారు 70 శాతం ముందు బ్రేకుదే. "ముందు బ్రేకు పడితే బోల్తా పడతాం" అన్న భయంతో జీవితమంతా వెనక బ్రేకు మీదే నడిపేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఇసుక మీదా మలుపులోనూ ఆ భయం సబబే. తిన్నటి పొడి రోడ్డు మీద మాత్రం ముందు బ్రేకును మెల్లగా మొదలుపెట్టి బిగించడమే బండిని తక్కువ దూరంలో ఆపుతుంది. వెనక బ్రేకు చప్పుడు కంటే ముందు బ్రేకు చప్పుడును ముందు పట్టించుకోవాలనేది ఇందుకే.

6. ఒక్కసారి ఆగితే ఓ గ్లాసుడు టీ నీళ్లు కాగేంత వేడి

140 కిలోల బండి మీద 60 కిలోల మనిషి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతున్నాడనుకోండి. ఆ కదలికలో దాగిన శక్తి దాదాపు 27,800 జౌళ్లు. పూర్తిగా ఆగాలంటే అదంతా వేడిగా మారాలి. ఆ వేడితో 100 మిల్లీలీటర్ల నీళ్లను ఇంచుమించు మరిగే దాకా తేవచ్చు. వేగం 60 నుంచి 85కి పెరిగితే వేడి రెట్టింపవుతుంది, 120కి పెరిగితే నాలుగింతలవుతుంది. ఆ వేడిలో ఎక్కువ భాగాన్ని అరచేతిలో పట్టే రెండు ప్యాడ్లూ ఓ పలచటి పళ్లెమూ మోస్తాయి. అవి బాగా కాలి ఉన్నప్పుడు చల్లటి నీళ్లు చల్లితే డిస్క్ వంకర తిరిగే ప్రమాదం ఉంది. దూరం నుంచి వచ్చీ రాగానే వాటర్ సర్వీసింగ్‌కు ఇవ్వకండి, కాసేపు ఆరనివ్వండి.

7. పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగే లేదు

లివర్ వదలగానే ప్యాడ్లు ఎలా వెనక్కి జరుగుతాయి? చాలామంది లోపల స్ప్రింగు ఉందనుకుంటారు. ఆ పని చేసేది ప్యాడ్‌ను తోసే పిస్టన్ చుట్టూ ఉండే నలుపలకల రబ్బరు సీలు. ఒత్తిడికి పిస్టన్ ముందుకొచ్చినప్పుడు సీలు దాంతోపాటు కొద్దిగా మెలిక తిరుగుతుంది. ఒత్తిడి పోగానే తన రూపానికి తాను వస్తూ పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది. ఆ జరుగుడు మిల్లీమీటరులో చిన్న భాగమే. అందువల్ల చక్రం చేత్తో తిప్పినప్పుడు "స్స్..." మని సన్నటి రాపిడి వినిపించడం సహజం, దానికి భయపడక్కర్లేదు. చక్రం రెండు మూడు చుట్లు తేలిగ్గా తిరగాలి, అంతే. తిప్పీ తిప్పగానే ఆగిపోతే, కొద్ది దూరం నడిపాక డిస్క్ చురుక్కుమంటుంటే పిస్టన్ మురికి పట్టి బిగుసుకుందని అర్థం.

8. రోగాన్ని పట్టుకోవడానికి పది అడుగులు చాలు

మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు మీరే చేయగల పరీక్ష ఇది. రద్దీ లేని చోట, వీలైతే గోడ పక్కన, ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో బండిని పది అడుగులు తోయండి. గోడకు తగిలి వచ్చే శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది.

ముందు బ్రేకు పట్టకుండా వినండి. చక్రం చుట్టుకు ఒక్కసారి "షుక్... షుక్" మంటే డిస్క్ కాస్త వంకరగా ఉంది, లేదా ఒకచోట దళసరిగా ఉంది. ఆగకుండా "గర్ర్" మంటే ప్యాడ్ ఇరుక్కుందో, బేరింగ్ పోయిందో చూడాలి. గతుకుల్లో "టకటక"లాడుతూ, లివర్‌ను కొద్దిగా తాకగానే ఆ చప్పుడు ఆగితే ప్యాడ్లను అదిమి పట్టే రేకు స్ప్రింగు వదులైంది.

తర్వాత లివర్ మెల్లగా పట్టండి. సన్నటి కీచు అయితే ప్యాడ్ నున్నబారడమో, ధూళో, గ్రీజు ఎండిపోవడమో కారణం. గీరుతున్నట్టు గరగరమంటే ప్యాడ్ అరిగిపోయి ఇనుము తగులుతోంది. పట్టిన ప్రతిసారీ ఒక్క "టక్" అంటే ప్యాడో, ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపరో తన చోట వదులుగా కదులుతోంది. ఆ పది అడుగుల్లో విన్నదాన్ని విన్నట్టు మెకానిక్‌కు చెబితే సగం పని అయినట్టే.

9. ఉక్కు డిస్క్‌కూ తుప్పు పడుతుంది

రాత్రి వాన పడింది. పొద్దున బండి తీయగానే మొదటి రెండు మూడు బ్రేకులకు "గర్ర్" మని వినిపించింది, తర్వాత మాయమైంది. అది తుప్పు పొర. బైకు డిస్క్‌లు ఎక్కువగా అయస్కాంతం అంటుకునే రకం స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేస్తారు. వేడికీ అరుగుదలకూ ఓర్చుకునే ఆ రకం మన వంటింటి గిన్నెల ఉక్కు అంతగా తుప్పును తట్టుకోలేదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ఈ పొర ఇంకా త్వరగా పడుతుంది. ప్యాడ్లే దాన్ని తుడిచేస్తాయి కాబట్టి కంగారు అక్కర్లేదు. నాలుగైదు బ్రేకుల తర్వాత కూడా పోకపోతే మాత్రం కారణం వేరే ఉంది.

10. డిస్క్ మీద దాని ఆయుష్షు చెక్కి ఉంటుంది

డిస్క్ మధ్య భాగం మీద చిన్న అక్షరాల్లో "మిన్ టీహెచ్" అని, పక్కన 3.5 మి.మీ. లాంటి అంకె ఉంటుంది. అంతకంటే పలచబడితే మార్చేయాలని అర్థం. కొత్త డిస్క్ చాలా బండ్లలో 4 మి.మీ. ఉంటుంది. అంటే అరగడానికి ఉన్న వెసులుబాటు అర మిల్లీమీటరే. ప్యాడ్ల మీద కూడా అరుగుదలకు గుర్తుగా గాడి ఉంటుంది. ఆ గాడి మాసిపోయిందంటే గడువు తీరినట్టే. గాడే లేని రకమైతే మసాలా, అంటే రాపిడి పదార్థం, ఒక మిల్లీమీటరుకు చేరేలోపే మార్చాలి. అది దాటితే ప్యాడ్ వెనక ఇనుప పలక డిస్క్‌ను కోయడం మొదలుపెడుతుంది. కొన్ని వందల రూపాయల ప్యాడ్లతో పోయేది వేల రూపాయల డిస్క్ దాకా వస్తుంది. గరగర వినిపించాక "ఆదివారం చూద్దాంలే" అనకండి.

11. రెండు ప్యాడ్లూ సమానంగా అరగకపోతే అది కాలిపర్ చేస్తున్న ఫిర్యాదు

మన బండ్లలో ఎక్కువ భాగం కాలిపర్లకు పిస్టన్ ఒక పక్కనే ఉంటుంది. పిస్టన్ ఒక ప్యాడ్‌ను తోస్తే, కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద ఎదురు దిశలో జరిగి రెండో ప్యాడ్‌ను లాక్కొస్తుంది. పట్టుకారు రెండు పెదవులూ కలిసినట్టన్నమాట. పిన్నుల మీది రబ్బరు తొడుగు చినిగి నీరు చేరితే, గ్రీజు ఎండి పిన్నులు బిగుసుకుంటాయి. అప్పుడు ఒక ప్యాడ్ మాత్రమే అరుగుతుంది, మరొకటి వంకరగా ఆని కీచుమంటుంది. పాత ప్యాడ్లు విప్పినప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమనేది ఇందుకే. ఆ పిన్నులకు సిలికాన్ గ్రీజే రాయాలి. మామూలు బేరింగ్ గ్రీజు తగిలితే బ్రేకు రబ్బర్లు ఉబ్బిపోతాయి.

12. రోడ్డు మీది ఇసుక రేణువు డిస్క్ కంటే గట్టిది

ఇసుకలో ఎక్కువ ఉండేది స్ఫటికం. గట్టిదనం కొలిచే మోస్ కొలమానంలో దాని స్థానం 7. డిస్క్ ఉక్కు సాధారణంగా అంతకంటే మెత్తన. ఒక్క రేణువు ప్యాడ్‌లో గుచ్చుకుంటే చాలు, డిస్క్ మీద గ్రామఫోన్ రికార్డులా గీతలు పడతాయి. దమ్ము చేసిన ట్రాక్టర్లు పొలం నుంచి రోడ్డు మీదికి తెచ్చే బురద, గోదావరి ఇసుక లారీల నుంచి రాలే ఇసుక, చీమకుర్తి క్వారీల వైపు లేచే రాతి దుమ్ము, నల్లరేగడి నేలల్లో వాన వెలిశాక ఎండి అట్టకట్టే మట్టి, అన్నీ వచ్చి చేరేది కాలిపర్ సందుల్లోకే. అలాంటి దారుల్లో తిరిగేవాళ్లు వారానికోసారి బకెట్ నీళ్లతో కాలిపర్‌ను కడిగితే సగం కీచులు పుట్టవు. పెద్ద ప్రెషర్ పైపును మాత్రం సీళ్లకు సూటిగా పెట్టకండి.

13. చుక్క నూనె కీచును ఆపుతుంది, దాంతోపాటు బ్రేకునూ

తలుపు బందు కిర్రుమంటే నూనె వేస్తాం. ఆ అలవాటే ఇక్కడ కొంప ముంచుతుంది. తలుపు జారడం మనకు కావాలి. బ్రేకు జారకూడదు, అది పట్టుకోవడమే మనకు కావాలి. నా బండి అరుపు తగ్గాలని ఎవరో చెప్పిన మాట విని డిస్క్ మీద కొద్దిగా నూనె స్ప్రే చేశాను. కీచు పోయింది. మర్నాడు స్పీడ్ బ్రేకర్ ముందు లివర్ పట్టాను, బండి ఆగలేదు. ముందున్న ఆటోకు జానెడు దూరంలో ఎలాగో నిలిచింది. మెకానిక్ ప్యాడ్లు విప్పి చూసి, "అన్నా, ఇంకెప్పుడూ దీనికి ఆయిల్ చూపించకు" అని వాటిని పక్కన పడేశాడు. ప్యాడ్లు స్పాంజిలా నూనెను పీల్చుకుంటాయి. పైపైన తుడిస్తే పోదు.

చెయిన్‌కు స్ప్రే కొట్టేటప్పుడు ఎగిరే తుంపరా, బండికి మెరుపు తెచ్చే పాలిష్ కూడా ఇంతే చేటు. డిస్క్‌ను తుడవాల్సింది బ్రేక్ క్లీనర్‌తో గానీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గానీ, శుభ్రమైన గుడ్డతో. డీజిలూ కిరోసినూ జిడ్డు పొర వదులుతాయి కాబట్టి వాటిని దగ్గరికి రానీయకండి.

14. మెత్తగా నడిపినా బ్రేకు అలుగుతుంది

గట్టిగా పట్టకుండా, ట్రాఫిక్‌లో గంటల తరబడి లివర్ మీద రెండు వేళ్లు ఆనించి నడిపేవాళ్ల ప్యాడ్లు అద్దంలా నున్నబారతాయి. మెకానిక్‌లు దీన్ని గ్లేజింగ్ అంటారు. నున్నటి తలం సరిగా పట్టదు, పైగా కీచుమంటుంది. మోటారే వేగాన్ని తగ్గించి బ్యాటరీని నింపుకునే ఎలక్ట్రిక్ స్కూటర్లలో ప్యాడ్లకు పని తగ్గుతుంది కాబట్టి, తుప్పు పొర, నున్నదనం అక్కడ ఇంకా సులువుగా చేరతాయి. వైద్యం చిన్నదే. మెకానిక్ ప్యాడ్లు తీసి, చదునైన అద్దం ముక్క మీద గరుకు కాగితం పరిచి, నీళ్లతో తడిపి ప్యాడ్‌ను నాలుగైదుసార్లు సున్నాలు చుట్టినట్టు రుద్దితే మెరుపు పోతుంది. తడిగా రుద్దితే ధూళి గాల్లోకి లేవదు. అంచులు పదునుగా ఉంటే కాస్త ఏటవాలుగా అరగదీస్తే కీచు మరింత తగ్గుతుంది.

15. ప్యాడ్ వెనక రెండు అక్షరాలు దాని పట్టు చెబుతాయి

చాలా ప్యాడ్ల మీద ఎఫ్‌ఎఫ్, జీజీ, హెచ్‌హెచ్ లాంటి జంట అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాలాక ఉండే పట్టు. 'ఎఫ్' అంటే ఘర్షణ గుణకం 0.35 నుంచి 0.45, 'జీ' అంటే 0.45 నుంచి 0.55, 'హెచ్' అంటే 0.55 పైన. జిగురుతో బిగించిన ఆర్గానిక్ ప్యాడ్లు మెత్తన, చప్పుడు తక్కువ, కానీ త్వరగా అరుగుతాయి. లోహపు పొడిని వేడితో అతికించి చేసే సింటర్డ్ ప్యాడ్లు వానలోనూ ఘాట్ రోడ్ల మీదా బాగా పనిచేస్తాయి, చప్పుడు మాత్రం కాస్త ఎక్కువే. కాబట్టి కొత్త రకం ప్యాడ్లు వేశాక గొంతు మారితే అది రోగం కాకపోవచ్చు. మీ బండికి కంపెనీ ఏ రకం సూచించిందో అదే వేయించడం మేలు.

16. కొత్త ప్యాడ్లకు కాపురం కుదరడానికి సమయం పడుతుంది

పాత డిస్క్‌కు తన ఎత్తుపల్లాలుంటాయి. కొత్త ప్యాడ్ చదునుగా ఉంటుంది. రెండూ ఒకదానికొకటి ఒదిగే దాకా కీచు, పట్టు తక్కువగా ఉండడం మామూలే. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లలో, ముందున్న బండికి ఎక్కువ దూరం వదలండి. ఖాళీ రోడ్డులో వేగాన్ని 50 నుంచి 15కి మెల్లగా తగ్గించడం, కాస్త దూరం చల్లారనివ్వడం, మళ్లీ తగ్గించడం, ఇలా ఇరవై ముప్పైసార్లు చేస్తే ప్యాడ్ పదార్థం డిస్క్ మీద సమంగా పలచటి పొరలా పరుచుకుంటుంది. ఇంకో జాగ్రత్త. ప్యాడ్లు మార్చి బండి తీసేముందు లివర్‌ను గట్టిపడేదాకా నొక్కి చూడండి. పిస్టన్ వెనక్కి తోసి ఉంటుంది కాబట్టి మొదటి నొక్కులకు బ్రేకు పట్టదు. షెడ్డు నుంచి రోడ్డెక్కిన మొదటి మలుపులోనే ఈ సంగతి తెలియడం చాలా ప్రమాదం.

17. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను తాగుతుంది

పేరుకు ఆయిలే గానీ డాట్ 3, డాట్ 4 ద్రవాలు నూనెలు కావు. గ్లైకాల్ జాతికి చెందినవి, నీటిని ఇట్టే పీల్చుకుంటాయి. తాజా డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. సుమారు 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. తిరుమల నుంచో, శ్రీశైలం నుంచో, మారేడుమిల్లి నుంచో ఘాట్ దిగుతూ బ్రేకు ఆపకుండా పట్టుకుంటే ఆ నీరు ఆవిరై బుడగలవుతుంది. ద్రవం నలగదు, బుడగ నలుగుతుంది. లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి ఆగదు. ఈ ప్రమాదం ఏ కీచూ వినిపించకుండా వస్తుంది. అందుకే రెండేళ్లకోసారి ద్రవం మార్చాలి, ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరులో ఇంజిన్ పట్టు మీద దిగాలి. మూత తీసి నెలల తరబడి ఉంచిన డబ్బాలోది పోయనీయకండి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, రంగు లేచిపోతుంది.

18. "డిస్క్ వంగింది" అన్న ప్రతిసారీ అది వంగి ఉండదు

లివర్ వేళ్ల కింద నాడిలా కొట్టుకుంటే చాలామంది వెంటనే డిస్క్ మార్చేస్తారు. చాలాసార్లు అసలు దోషం ప్యాడ్ పదార్థం ఒకచోట దట్టంగా అంటుకోవడమే. బాగా కాలిన బ్రేకును సిగ్నల్ దగ్గర బిగించి పట్టుకుని నిలబడితే ప్యాడ్ అచ్చు అలా పడుతుంది. మొదట డిస్క్‌ను బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, సన్న గరుకు కాగితంతో సమంగా రుద్ది చూడమనండి. నిజంగా వంగిందా లేదా అన్నది డయల్ గేజ్ చెబుతుంది. చాలా బండ్లకు ఒప్పుకునే వంకర 0.3 మి.మీ. లోపే. సైకిల్ స్టాండులోనో, రద్దీ పార్కింగ్‌లోనో పక్క బండి ఫుట్‌రెస్ట్ డిస్క్‌కు తగిలినా వంకర వస్తుంది.

19. బ్రేకు పట్టినప్పుడు వచ్చే ప్రతి చప్పుడూ బ్రేకుది కాదు

బ్రేకు పట్టగానే హ్యాండిల్ దగ్గర "థక్" మని, చేతికి కుదుపు తగిలితే స్టీరింగ్ కోన్‌సెట్ వదులై ఉండొచ్చు. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కీ ఊపి చూస్తే తెలిసిపోతుంది. మలుపుల్లో ఒకవైపు ఒరిగినప్పుడు మాత్రమే "గుర్ర్" మంటే చక్రం బేరింగ్‌ను అనుమానించాలి. పాత బండ్లలో గ్రీజు లేని స్పీడోమీటర్ కేబుల్ కూడా పిచ్చుకలా కిచకిచలాడుతుంది. పెద్ద బైకుల్లో డిస్క్ అంచు, మధ్య భాగం విడిగా ఉండి బటన్లతో కలిసి ఉంటాయి. వేడికి డిస్క్ సాగేందుకు ఆ వెసులుబాటు. మెల్లగా తోసినప్పుడు వాటి "టిక్ టిక్" సహజం.

20. డ్రమ్ము బ్రేకుకూ దాని భాష ఉంది

పల్లెల్లో తిరిగే 100 సీసీ బండ్లలో ముందు డ్రమ్మే ఎక్కువ. లోపల షూలు విప్పారి డ్రమ్మును ఒరుసుకుంటాయి. ధూళి బయటికి పోయే దారి లేక లోపలే చేరడం అక్కడి కీచుకు ముఖ్య కారణం. షూలను విప్పదీసే క్యామ్‌కు గ్రీజు లేకపోతే లివర్ వదిలినా బ్రేకు పట్టుకునే ఉంటుంది, చక్రం వేడెక్కుతుంది. ఆ క్యామ్‌కు గ్రీజు పలచగా రాయాలి. ఎక్కువైతే కరిగి లైనింగుల మీదికి చేరుతుంది. చాలా బండ్ల డ్రమ్ము మూత మీద బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పట్టినప్పుడు అది గీతను దాటితే షూలు మార్చే వేళ అయినట్టు.

నెలకోసారి పది నిమిషాలు

ప్యాడ్ గాడి కనిపిస్తోందో లేదో చూడండి. డిస్క్‌ను శుభ్రమైన తడి గుడ్డతో తుడిచి, వేడి లేనప్పుడు వేలితో తాకి గీతలున్నాయేమో చూడండి. హ్యాండిల్ మీది ఆయిల్ గిన్నెలో మట్టం కనీస గీతకు పైన ఉందా, రంగు లేత పసుపులో ఉందా, కాఫీ రంగుకు తిరిగిందా అన్నది గమనించండి. మట్టం తగ్గితే వెంటనే పోయించే ముందు ప్యాడ్లు చూడాలి. అవి అరిగిన కొద్దీ పిస్టన్ ముందుకొచ్చి మట్టం తగ్గుతుంది. ప్యాడ్లు బాగుండి మట్టం తగ్గితే ఎక్కడో కారుతోంది, ఆ బండిని నడపకూడదు. లివర్ స్పాంజిలా మెత్తబడినా, ఇనుము గీరుతున్న చప్పుడు వచ్చినా అంతే. విప్పే పని చేయి తిరిగిన మెకానిక్‌కే వదలండి. విని పట్టుకునే పని మాత్రం మీదే. రోజూ ఆ బండి మీద కూర్చునేది మీరు, మీ వెనక కూర్చునేది మీ వాళ్లు.

నా బండి కథ చివరికి రెండు పిన్నుల దగ్గర తేలింది. గ్రీజు ఎండి బిగుసుకున్నాయి. శుభ్రం చేసి, కొత్త ప్యాడ్లు వేశాక కీచు ఆగింది. బ్రేకు పట్టు కూడా తిరిగొచ్చింది. నూనె చుక్కతో ఆగిన కీచుకూ, పిన్నులు కడిగాక ఆగిన కీచుకూ చెవికి తేడా తెలియదు. రెండు సార్లూ నిశ్శబ్దమే. తేడా తెలిసింది లివర్ పట్టిన వేళ్లకు. ఇప్పుడు రోజూ గేటు దాటే దాకా ఇంజిన్ వేయను. బండిని పది అడుగులు తోస్తాను, ఓసారి ముందు బ్రేకు పట్టి చూస్తాను. "స్స్..." మని సన్నగా పలికి, చక్రం ఉన్నచోటే నిలుస్తుంది. అప్పుడే హెల్మెట్ పెట్టుకుంటాను.